హార్డ్ బాప్ కాలపు ఇద్దరు ముస్లిం శాక్సఫోన్ విద్వాంసులు

అమెరికాలో ఇస్లాం చరిత్ర వ్రాసేవారు బానిసలుగా కొనిపోబడిన ఆఫ్రికన్ ముస్లింలతో మొదలుపెట్టి, ఒక్క అంగలో మాల్కం ఎక్స్ వద్దకు చేరుకోవడం పరిపాటి. నడుమ కాలానికి చెందిన ఒక ఆధారం గ్రామఫోన్ రికార్డుల అట్టలపై అచ్చయి ఉంది. అది సంగీతానికి సంబంధించినది కావడంతో ముస్లిం రచయితలు దాని జోలికి పోలేదు. సంగీతం ధర్మసమ్మతమా కాదా అన్నది ఫిఖ్హ్ చర్చ. ఎవరు ఎప్పుడు ఇస్లాం పేరుతో ప్రజల ముందుకు వచ్చారన్నది చరిత్ర. మొదటిది తేలేవరకు రెండవదాన్ని ఆపనక్కరలేదు.

1950ల నడుమ జాజ్ సంగీతంలో ‘హార్డ్ బాప్’ అనే ధోరణి బలపడింది. అంతకు ముందరి ‘బీబాప్’లోని క్లిష్టమైన నడకకు నీగ్రో చర్చిగీతాల ఆవేశాన్నీ, ‘బ్లూస్’ బాణీనీ జోడించడమే దీని ప్రత్యేకత. 1957లో సావోయ్ కంపెనీ ఈ ధోరణిలో చేయించిన రికార్డులలో రెండు ఇక్కడ ముఖ్యం: యూసుఫ్ లతీఫ్ ‘జాజ్ మూడ్’, సాహిబ్ షిహాబ్ ‘జాజ్ సాహిబ్’.

షిహాబ్ 1925లో జార్జియా రాష్ట్రంలోని సవానాలో ఎడ్మండ్ గ్రెగరీగా జన్మించారు. 1947లో ఇస్లాం స్వీకరించారు. అదే సంవత్సరం థెలోనియస్ మంక్ బృందంలో, కొత్త పేరుతోనే, ఆల్టో శాక్సఫోన్ వాయించారు. పదేళ్ళ తర్వాత జాన్ కోల్ట్రేన్ నాయకత్వంలో వెలువడిన మొదటి ఆల్బంలో బారిటోన్ శాక్సఫోన్ ఆయనదే. 1959లో ఐరోపాకు వెళ్ళి, దీర్ఘకాలం అక్కడే ఉండిపోవడంతో స్వదేశపు విమర్శకులు ఆయనను మరచారు. 1989లో మరణించారు.

లతీఫ్ జననం 1920, టెనెసీ రాష్ట్రంలో, పెరిగింది డెట్రాయిట్‌లో. 1949లో డిజీ గిలెస్పీ బృందంలో వాయించి, 1950లో డెట్రాయిట్‌కు తిరిగి వచ్చారు. క్రైస్లర్ కార్ల కర్మాగారంలో పనిచేస్తూ, తోటి సిరియన్ కార్మికుని ద్వారా రబాబ్ వాద్యాన్ని గురించి తెలుసుకున్నారు. ‘జాజ్ మూడ్’లో శాక్సఫోన్, వేణువులతోపాటు అరబ్బుల జంటగొట్టాల వాద్యం అర్గూల్‌ను కూడా ఆయన వినిపించారు. విమర్శకులకు ఇదొక ‘ప్రాచ్య’ వింతగా తోచింది. కాని అందులోని ‘యూసుఫ్స్ మూడ్’ విన్నవారికి వింత ఏమీ కనబడదు. అది అచ్చమైన బ్లూస్, నిండు గొంతుతో పలికిన శాక్సఫోన్. ఆ రికార్డులో ట్రాంబోన్ వాయించిన కర్టిస్ ఫుల్లరే కొద్ది నెలల తర్వాత కోల్ట్రేన్ ‘బ్లూ ట్రేన్’లోనూ వాయించారు. దానికి దక్కిన కీర్తి దీనికి దక్కలేదు.

వీరికి ఇస్లాం సందేశం ఏ మార్గాన చేరింది? ఇక్కడ దాచవలసినదేమీ లేదు. 1920లో ఫిలడెల్ఫియాకు చేరిన ముఫ్తీ ముహమ్మద్ సాదిఖ్ మొదలుకొని, ఆనాటి నీగ్రో సంగీతకారులలో ప్రచారం చేసినవారు ప్రధానంగా అహ్మదియా జమాఅత్ వారే. అత్యధిక ఉలమా ఆ జమాఅత్‌ను ఇస్లాంలో భాగంగా అంగీకరించరు. లతీఫ్ కడవరకు అందులోనే ఉన్నారు. ఇష్టంలేదని ఈ పుటను చింపివేస్తే మిగిలేది చరిత్ర కాదు.

పేరు మార్పు కేవలం వర్ణవివక్షను తప్పించుకునే ఉపాయమన్న వాదన ఒకటుంది. ముస్లిం పేరు గలవారిని విదేశీయులుగా భావించి తెల్లవారి హోటళ్ళలో ఆదరించిన ఉదంతాలు గిలెస్పీ ఆత్మకథలోనే ఉన్నాయి. కొందరి విషయంలో ఇది నిజమే కావచ్చు. లతీఫ్ జీవితానికి మాత్రం ఈ కొలత సరిపోదు. ఆయన హజ్ చేశారు. 1975లో మసాచుసెట్స్ విశ్వవిద్యాలయం నుండి పాశ్చాత్య, ఇస్లామీయ విద్యావిధానాలపై పరిశోధనకు డాక్టరేట్ పొందారు. మద్యం అమ్మే చోట వాయించడం మానుకున్నారు. జాజ్ విద్వాంసునికి అది జీవనోపాధిలో పెద్ద భాగాన్ని వదులుకోవడమే. 1980ల తొలి సంవత్సరాలలో నైజీరియాలోని అహ్మదు బెల్లో విశ్వవిద్యాలయంలో ఉండి ఫులానీల వేణువును అధ్యయనం చేశారు. 2013లో మరణించారు.

‘జాజ్’ అన్న పదం నీచార్థాలు కలదని ఆయన దానిని అంగీకరించేవారు కాదు. దేహం, మనస్సు, ఆత్మ మూడింటినుండి వెలువడే సంగీతమని అర్థం వచ్చేలా వేరొక పేరు కల్పించుకున్నారు. 1957 నాటి అట్టమీద ఆయన పేరు ప్రక్కన ఆ పాత పదమే ఉంది.