వేరుబుడిపె పురుగు: వంశభేదముల చరిత్ర

కన్నడ, తమిళ సీమల సరిహద్దున కుప్పమునకు పొరుగుననున్న గుడుపల్లె మెట్టప్రాంతమున, మిట్టమధ్యాహ్నము తలవాల్చు టమోటా మొక్కను పెరికిన రైతు వేళ్ల బుడిపెలను చూచి తెగులును గుర్తించును. కాని ఆ బుడిపెలో దాగిన నులిపురుగుల వంశభేదములు తెలియుటకు శాస్త్రలోకమునకు శతాబ్దమునకు పైగా పట్టినది.

1855లో ఇంగ్లండున బెర్క్‌లీ అను శాస్త్రజ్ఞుడు దోసవేళ్లపై ఈ బుడిపెలను వర్ణించెను. 1901లో మద్రాసు ప్రభుత్వ వృక్షశాస్త్రజ్ఞుడు బార్బర్ నీలగిరులందలి దేవాల తేయాకు తోటలో ఈ పురుగును కనుగొనెను. అటుపిమ్మట చిరకాలము ఈ పురుగులన్నియు ఒకే జాతిగా లెక్కకు వచ్చెను. 1949లో అమెరికా శాస్త్రజ్ఞుడు చిట్‌వుడ్, ఆడపురుగు వెనుకకొస చర్మముపైనున్న రేఖలను వ్రేలిముద్రలవలె పరిశీలించి, మెలాయిడోగైన్ ప్రజాతిలో ఇన్‌కాగ్నిటా, జవానికా, అరెనారియా, హాప్లా మొదలగు జాతులను వేరుపరచెను.

అయినను రేఖలు సర్వము చెప్పలేదు. ఉత్తర కెరొలైనాలో ట్రయాంటాఫిల్లూ అను శాస్త్రజ్ఞుడు క్రోమోజోములను లెక్కించి చూడగా, హాప్లాలో ఒక తెగ బీజకణములయందు 13 నుండి 17 వరకును, మగ తోడులేకయే సంతతిని కను మరియొక తెగ కణములయందు 30 నుండి 48 వరకును కనబడెను. ఇన్‌కాగ్నిటాలో సామాన్యముగా 40 నుండి 46 వరకు ఉండగా, కొన్ని సమూహములలో 32 నుండి 36 మాత్రమే ఉండెను. సంయోగమును, క్షయకరణ విభజనమును లేనిచోట జోడు కుదరని క్రోమోజోములును తొలగిపోక తరతరములు నిలుచుటయే దీనికి హేతువు.

రూపమును, సంఖ్యయు ఒక్కటైనను నడత వేరగుట మరియొక చిత్రము. 1975లో సాసర్ అను శాస్త్రజ్ఞుని నాయకత్వమున ఆరంభమైన అంతర్జాతీయ పథకము ఇన్‌కాగ్నిటాను ప్రత్తి, పొగాకు రకములపై పరీక్షించి, వేటిపై పెరుగునో దానినిబట్టి నాలుగు తెగలుగా విభజించెను.

బుడిపె కనబడకున్నను నులిపురుగు ఉండవచ్చుననుటకు నాటి చిత్తూరు జిల్లాయే సాక్షి: 1975–76లో కాళహస్తి ప్రాంతమున వేరుశనగ కాయలను నల్లబరచిన తెగులుకు టైలెంకోరింకస్ అను వేరొక నులిపురుగే కారణమని 1984లో వెల్లడియయ్యెను.

1944లో అడవి జాతినుండి టమోటాలోకి తెచ్చిన వేరుబుడిపె నిరోధక జన్యువును సయితము జయించు సమూహములు బయలుదేరియున్నవి. నేల వేడి 28 డిగ్రీలు దాటినచో ఆ జన్యువు తానే సడలును. కావున తెగులు పేరు తెలిసినంతనే విత్తనము నెంచుకొనుట తొందరపాటగును. తన చేనిలోని సమూహము ఏ పైరును విడుచునో, దేనిని తినునో ఎరిగి పంటమార్పిడి చేయుటయే విజ్ఞత.