కారు టైర్లు, సస్పెన్షన్ ఎంపిక

కారు మలుపులలో అదుపు తప్పకుండా తిరగడం, బ్రేకు వేసినప్పుడు నిలకడగా ఆగడం, స్టీరింగు తిప్పిన వెంటనే స్పందించడం వంటి గుణాలను కలిపి హ్యాండ్లింగ్ అంటారు. ఇది ముఖ్యంగా టైర్లు, సస్పెన్షన్‌లపై ఆధారపడి ఉంటుంది. కారులో రోడ్డును తాకే భాగాలు నాలుగు టైర్లు మాత్రమే. ఒక్కొక్క టైరు నేలను తాకే వైశాల్యం దాదాపు అరచేయంత ఉంటుంది. అందువలన మొదట టైర్లను, తరువాత అరిగిన సస్పెన్షన్ భాగాలను సరిచేసి, ఆ పిమ్మటే ఇతర మార్పులు చేయడం మంచిది.

కామారెడ్డి, ఎల్లారెడ్డి ప్రాంతపు రోడ్లు

కామారెడ్డి పట్టణం హైదరాబాదు - నాగపూర్ మార్గమైన 44వ జాతీయ రహదారిపై ఉంది. దీని పాత సంఖ్య 7. ఎల్లారెడ్డి పట్టణం హైదరాబాదు నుండి మెదక్ మీదుగా రుద్రూరు వెళ్ళే 765డి జాతీయ రహదారిపై ఉంది. ఈ రెండు పట్టణాల మధ్య లింగంపేట మీదుగా రోడ్డు ఉంది. ఈ ప్రాంతంలో తిరిగే కారు ఒకే రోజున రహదారిపై అధిక వేగాన్ని, గ్రామాలలో స్పీడ్ బ్రేకర్లను, గుంతలను ఎదుర్కొంటుంది. వరికోతల కాలంలో రోడ్లపై ఆరబోసే వడ్ల మీద, పొలాల నుండి ట్రాక్టర్లు తెచ్చే బురద మీద టైర్లు జారుతాయి. జిల్లాలోని మద్నూరు, బిచ్కుంద, జుక్కల్ వైపు ఉన్న నల్లరేగడి నేల తడికి ఉబ్బి, ఎండకు కుంచించుకుపోతుంది. అటువంటి నేలపై వేసిన రోడ్లు త్వరగా ఎగుడుదిగుడు అవుతాయి. 2025 ఆగస్టు చివరిలో కురిసిన భారీ వర్షాలకు కామారెడ్డి జిల్లాలో అనేక రోడ్లు కోతకు గురయ్యాయి.

టైరుపై ఉండే అంకెలు

ఉదాహరణకు 185/65 ఆర్15 88హెచ్ అని ఉన్న టైరులో:
* 185 – టైరు వెడల్పు, మిల్లీమీటర్లలో.
* 65 – వెడల్పులో పక్కగోడ ఎత్తు శాతం. ఇక్కడ ఆ ఎత్తు సుమారు 120 మి.మీ.
* ఆర్15 – రేడియల్ నిర్మాణం, 15 అంగుళాల రిమ్ము.
* 88 – ఒక టైరు మోయగల గరిష్ఠ బరువు 560 కిలోలు.
* హెచ్ – గరిష్ఠ వేగం గంటకు 210 కి.మీ.

పక్కగోడపై ఉండే నాలుగంకెల సంఖ్య తయారీ కాలాన్ని తెలుపుతుంది. 2324 అంటే 2024వ సంవత్సరపు 23వ వారం. భారతదేశంలో కారు టైరు గాడి లోతు కనీసం 1.6 మి.మీ. ఉండాలి. గాళ్ళు అరిగిన కొద్దీ నీటిని పక్కకు తోసే శక్తి తగ్గుతుంది. నిలిచిన నీటిపై వేగంగా వెళ్ళినప్పుడు టైరు నీటి పొరపై తేలితే స్టీరింగు, బ్రేకు రెండూ పనిచేయవు. రెండు టైర్లు మాత్రమే కొత్తవి వేసేటప్పుడు వాటిని వెనుక చక్రాలకు అమర్చడం క్షేమకరం. తడిరోడ్డుపై వెనుక భాగం జారితే కారును తిరిగి అదుపులోకి తేవడం చాలా కష్టం.

రిమ్ము పెంచడం

పై టైరుకు బదులు 16 అంగుళాల రిమ్ముపై 195/55 ఆర్16 టైరు వేస్తే, మొత్తం వ్యాసం దాదాపు అంతే (సుమారు 621 మి.మీ.) ఉంటుంది కాబట్టి స్పీడోమీటరు లెక్క మారదు. పక్కగోడ మాత్రం 107 మి.మీ.కు తగ్గుతుంది. దీనివలన మలుపులలో స్పందన మెరుగవుతుంది, కాని గుంతలలో రిమ్ము వంగే, టైరు పగిలే అవకాశం పెరుగుతుంది. కొత్త టైరు బరువు సంఖ్య పాతదానికన్నా తక్కువ కాకూడదు.

సస్పెన్షన్

స్ప్రింగు కారు బరువును మోస్తుంది. షాక్ అబ్జార్బరు స్ప్రింగు ఊగిసలాటను అణచి టైరును రోడ్డుకు అంటిపెట్టి ఉంచుతుంది. యాంటీ రోల్ బార్ మలుపులలో కారు ఒక పక్కకు ఒరగడాన్ని తగ్గిస్తుంది. కారు మూలను గట్టిగా నొక్కి వదిలినప్పుడు అది పలుమార్లు ఊగితే షాక్ అబ్జార్బరు అరిగినట్లే. వీటిని జతగా మార్చాలి. ఆ తరువాత చక్రాల అలైన్‌మెంటు చేయించాలి.

మరీ గట్టి స్ప్రింగులు నునుపైన రోడ్డుపై మేలు చేస్తాయి. ఎగుడుదిగుడు రోడ్డుపై మాత్రం టైరును నేల నుండి ఎగరవేసి పట్టును తగ్గిస్తాయి. కారు ఎత్తు తగ్గిస్తే స్పీడ్ బ్రేకర్లపై అడుగుభాగం తగులుతుంది. కాబట్టి గ్రామీణ మార్గాలలో ఎక్కువగా తిరిగే కారుకు అసలు ఎత్తు, అసలు కొలత స్ప్రింగులే అనుకూలం.

గాలి పీడనం

ఏ మార్పు చేసినా గాలి పీడనం సరిగా లేకపోతే ఫలితం ఉండదు. గాలి తక్కువైన టైరు ఎక్కువగా వంగి వేడెక్కుతుంది. వేసవిలో అధిక వేగం, అధిక బరువు తోడైతే అది పగిలిపోవచ్చు. సరైన పీడనం చాలా కార్లలో డ్రైవరు తలుపు చట్రంపై ముద్రించి ఉంటుంది. ప్రయాణానికి ముందు, టైరు చల్లగా ఉన్నప్పుడే దానిని చూడాలి. స్టెప్నీని మరువరాదు.

చట్టం

మోటారు వాహనాల చట్టం (1988) 52వ విభాగం వాహనంలో చేసే మార్పులను నియంత్రిస్తుంది. తయారీదారు నిర్దేశాలకు విరుద్ధంగా వాహనాన్ని మార్చరాదని సుప్రీంకోర్టు 2019 జనవరిలో తీర్పు ఇచ్చింది. అందువలన టైర్లు, రిమ్ములు మార్చేటప్పుడు ఆ నమూనా కారుకు తయారీదారు ఆమోదించిన కొలతలనే ఎంచుకోవాలి.

ఇవి కూడా చూడండి
* కామారెడ్డి జిల్లా
* ఎల్లారెడ్డి
* జాతీయ రహదారి 44
* టైరు