లిపాట్టి పియానో: ప్లేట్లు మిగిల్చినది, రేడియో కాపాడినది

రుమేనియా దేశపు పియానో వాదకుడు దీనూ లిపాట్టి 1917లో బుఖారెస్టు నగరమున జన్మించి, 1950 డిసెంబరు 2వ తేదీన జినీవాలో కన్నుమూసెను. జీవించినది ముప్పదిమూడేండ్లు. అతడు గ్రామఫోను కంపెనీకి వాయించి యిచ్చిన ప్లేట్లన్నియు ఒకదానివెంట నొకటి పెట్టి వినినచో ఒక్క దినములో ముగిసిపోవును. అయినను పాశ్చాత్య సంగీతమెరిగినవారు ఇరువదవ శతాబ్దపు పియానో వాదకులను లెక్కించునప్పుడు ఇతనిని విడిచి లెక్కింపరు. ఇంత కొద్ది సంగీతము ఇంత కీర్తిని ఎట్లు నిలిపినది? అందు రేడియో స్టేషనుల పాలు ఎంత? ఈ ప్రసంగమున మేము విచారింపదలచినది ఇదియే.

లిపాట్టిది సంగీత కుటుంబము. తండ్రి వయొలిన్, తల్లి పియానో వాయించువారు. రుమేనియా సంగీతమునకు పెద్దదిక్కైన జార్జి ఎనెస్కు అతనికి బాప్తిస్మమునాటి జ్ఞానపిత. 1933లో వియన్నాలో జరిగిన అంతర్జాతీయ పోటీలో లిపాట్టికి రెండవ బహుమానము వచ్చెను. న్యాయనిర్ణేతలలో ఒకడైన ఆల్‌ఫ్రెడ్ కోర్తో, మొదటి బహుమానము ఈ బాలునికే చెందవలెనని పట్టుబట్టి, తన మాట చెల్లకపోగా సంఘమునుండి తొలగిపోయెను. పిమ్మట పారిసులో అతనిని తన శిష్యునిగా చేసికొనెను. మొదటి బహుమానము వచ్చియున్నచో ఇంతటి గురువు దొరికియుండునో లేదో! అక్కడనే పాల్ ద్యుకా, నాదియా బులాంజేల వద్ద స్వరరచనయు అభ్యసించెను. 1935 మే నెలలో లిపాట్టి పారిసులో కచేరీ చేయునాటికి ద్యుకా మరణించి కొద్ది దినములే అయినది. గురువు స్మృతికై అతడు ఆ కచేరీని బాఖ్ రచించిన ఒక భక్తిగీతపు పియానో రూపముతో ఆరంభించెను. ఈ గీతమును శ్రోతలు జ్ఞాపకముంచుకొనవలెను.

యుద్ధకాలమున స్వదేశమునకు మరలినను, 1943లో లిపాట్టి స్విట్జర్లండు చేరి జినీవా సంగీత విద్యాలయమున అధ్యాపకుడయ్యెను. రక్తమును, రసగ్రంథులను తినివేయు హాడ్జ్‌కిన్ వ్యాధి అతనిని పట్టుకొనినది ఈ కాలముననే. 1946లో కొలంబియా కంపెనీతో ఒడంబడిక కుదిరెను. కంపెనీ పక్షమున వ్యవహరించిన వాల్టర్ లెగ్గ్ వ్రాసిన జ్ఞాపకములలో ఒక ముచ్చట కలదు. వాద్యబృందముతో కూడి వాయించు బేథోవెన్ రచన నొకదానిని ప్లేటుకెక్కింపుమని కోరగా, సిద్ధమగుటకు నాలుగేండ్లు కావలెననియు, చైకోవ్‌స్కీ రచనకైతే మూడేండ్లు కావలెననియు లిపాట్టి చెప్పెనట. ఇది బడాయి కాదు. అతని పద్ధతియే అట్టిది. కాని పద్ధతికి కావలసిన కాలమును వ్యాధి ఈయలేదు.

ఆనాటి ప్లేటుకు ఒక ప్రక్క నాలుగు నిమిషములకు మించి పట్టెడిది కాదు. మన గాయకులు రాగాలాపనను చిటికెలో ముగించి కీర్తన నందుకొనిన పాత ప్లేట్లు మన ఇండ్లలోను ఉండెడివి. పాశ్చాత్య వాదకుడు వ్రాసియున్న రచనను కుదింపజాలడు గనుక, నాలుగేసి నిమిషములకు తెగగొట్టి వాయింపవలసివచ్చెడిది. లిపాట్టి 1947లో గ్రీగ్ కన్సర్టోను, 1948లో కరాయన్ నిర్వహణమున షూమన్ కన్సర్టోను లండనులో ఇట్లే వాయించెను. తెగినచోటు చెవికి తోపదు. ఒక్క ఊపిరితో వాయించినట్లే యుండును.

1950 వేసవిలో, అప్పటికి క్రొత్తదియు మిక్కిలి ఖరీదైనదియు నగు కార్టిజోన్ మందువలన అతనికి కొద్ది వారములు బలము చేకూరినది. లెగ్గ్ ఆ అవకాశమును జారవిడువలేదు. జూలైలో జినీవా రేడియో స్టూడియోయందే బాఖ్ పార్తీతను, మొజార్ట్ సొనాటాను, షోపాన్ వాల్ట్జులు పదునాల్గింటిని రికార్డు చేయించెను. లిపాట్టి ప్లేట్లలో మిక్కిలి ప్రసిద్ధములు ఇవియే.

సెప్టెంబరు 16న ఫ్రాన్సులోని బెజాన్సోన్ పట్టణపు ఉత్సవమున అతని కచేరీ. వైద్యులు వలదనిరి, మాట యిచ్చితిననుచు అతడు వేదిక యెక్కెను. ఫ్రెంచి రేడియో ఆ కచేరీని రికార్డు చేసినందున మనమును వినగలుగుచున్నాము. మొదట పియానో మెట్లపై వ్రేళ్లను ఒకసారి పరుగెత్తించి శ్రుతి చూచుకొనుట, పిదప బాఖ్, మొజార్ట్, షూబర్ట్. తుదకు షోపాన్ వాల్ట్జులు. పదుమూడు వాయించెను, పదునాలుగవదానికి శక్తి చాలలేదు. లోనికి పోయి కొంత తడవునకు మరలివచ్చి, పారిసులో తొలినాడు వాయించిన ఆ భక్తిగీతమునే వాయించి ముగించెను. విడుదలయైన ప్లేట్లలో ఈ గీతము లేదు. ఆ సభలో కూర్చున్నవారికే అది దక్కినది.

తరువాతి కథ విచిత్రమైనది. షోపాన్ మొదటి కన్సర్టోను లిపాట్టి వాయించిన రికార్డు దొరికినదని 1966లో ఒక ప్లేటు వెలువడెను. పదునైదేండ్లు ప్రపంచమంతయు దానిని మెచ్చుకొనెను. 1981లో బి.బి.సి. దానిని ప్రసారము చేయగా, ఆలకించిన ఒక శ్రోతకు అనుమానము కలిగెను. ఇదే వాదనము వేరొక ప్లేటుపై తాను విని యుండెను. పోల్చి చూడగా రెండును ఒకటే యని తేలెను. వాయించినది పోలండు దేశపు హలీనా చెర్నీ-స్తెఫాన్‌స్కా. ప్రాగ్ నగరపు వాద్యబృందముతో ఆమె చేసిన రికార్డు అది. ఆమె కీర్తికి కలిగిన నష్టమును గూర్చి ఎవరును అంతగా మాటాడకపోవుట మాకు వింతగా నున్నది. పదునైదేండ్లు మెప్పు పొందినది ఆమె వ్రేళ్లే గదా!

లిపాట్టి ఆ కన్సర్టోను నిజముగానే వాయించియుండెను. 1950 ఫిబ్రవరి 7న జూరిచ్‌లో, ఆటో ఆకర్‌మాన్ నిర్వహణమున. ఆ కచేరీ రికార్డు ప్రతి నొకరు భద్రపరచియుండగా, పొరపాటు బయటపడిన పిమ్మట దానిని వెలికి తీసి ప్రచురించిరి. ధ్వని మునుపటి ప్లేటంత శుభ్రముగా లేదు, గరగర కలదు. ఆ గరగర వెనుక రెండవ భాగమున పియానో మెల్లగా ప్రవేశించుచోట శ్రోతలు చెవియొగ్గి వినవలెను.