పెద్దపేగు క్యాన్సర్ ముందస్తు గుర్తింపు: చరిత్ర

పెద్దపేగు, మలాశయాల లోపలి పొరలో తలెత్తే క్యాన్సర్‌ను లక్షణాలేవీ బయటపడకముందే, ఆరోగ్యంగా కనిపించే వారికి పరీక్షలు జరిపి పసిగట్టే విధానాన్ని స్క్రీనింగ్ అంటారు. ఈ క్యాన్సర్ చాలావరకు పాలిప్‌లనే పిలకల నుంచి సుమారు పదేళ్ల కాలంలో రూపొందుతుంది గనుక, ఆలోగా పిలకను కనిపెట్టి తొలగిస్తే వ్యాధిని పుట్టకుండానే నివారించవచ్చు.

మలంలో కంటికి కనిపించని రక్తాన్ని వెతకడం ఈ చరిత్రలో తొలి అడుగు. గ్వాయాకం చెట్టు జిగురు రక్తంతో కలిసినప్పుడు రసాయనిక చర్య వల్ల నీలంగా మారుతుందని 1864లో వాన్ డీన్ చూపగా, అలాంటి గుప్త రక్తస్రావానికీ జీర్ణకోశ క్యాన్సర్లకూ గల సంబంధాన్ని 1901లో జర్మన్ వైద్యుడు ఇస్మార్ బోయాస్ వివరించాడు. 1967లో అమెరికా వైద్యుడు డేవిడ్ గ్రీగర్ ఇంటివద్దే నమూనా పూయగల గ్వాయాకం అట్టలను వాడుకలోకి తెచ్చాడు. అయితే ఈ పరీక్ష ప్రాణాలను కాపాడుతుందని రుజువు కావడానికి దీర్ఘకాలిక అధ్యయనాలు అవసరమయ్యాయి. మిన్నెసోటాలో 46,551 మందిపై జరిపిన అధ్యయనంలో, ఏటా పరీక్షకు కేటాయించిన వర్గంలో ఈ క్యాన్సర్ మరణాలు 33 శాతం తగ్గినట్లు 1993లో వెల్లడైంది.

పిలకలే క్యాన్సర్‌కు మూలమన్న అవగాహన లండన్‌లోని సెయింట్ మార్క్స్ ఆసుపత్రిలో లాక్‌హార్ట్-మమరీ, కత్‌బర్ట్ డ్యూక్స్ 1920లలో చేసిన పరిశీలనలతో బలపడింది. వంగే గొట్టాన్ని మలద్వారం గుండా పంపి పెద్దపేగునంతా చూసే కొలనోస్కోపీ అందుబాటులోకి వచ్చాక, 1969లో న్యూయార్క్‌లో హిరోమి షిన్యా, విలియం వుల్ఫ్ తీగ ఉచ్చుతో పిలకలను కోసి తీసే పద్ధతిని నెలకొల్పడంతో, పొట్ట కోయకుండానే నివారణ సాధ్యమైంది.

గ్వాయాకం పరీక్ష మాంసాహారం వల్ల కూడా పొరపాటు ఫలితం ఇవ్వగలదు గనుక, మానవ రక్తంలోని హిమోగ్లోబిన్‌ను మాత్రమే గుర్తించే ప్రతిరక్షక పరీక్ష దాని స్థానాన్ని క్రమంగా ఆక్రమించింది. జపాన్ దీన్ని 1992లోనే దేశవ్యాప్త కార్యక్రమంగా చేపట్టింది. యువతలో ఈ వ్యాధి పెరుగుతున్నందున, సాధారణ ముప్పు గలవారికి స్క్రీనింగ్ ప్రారంభించే వయసును అమెరికా నిపుణుల బృందం 2021లో 50 నుంచి 45 ఏళ్లకు తగ్గించింది.

భారత ప్రభుత్వ స్క్రీనింగ్ కార్యక్రమం నోటి, రొమ్ము, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్లపైనే దృష్టి పెట్టింది. అందువల్ల మలంలో రక్తం పడినప్పుడు మొలలని సరిపెట్టుకోకుండా వైద్యుణ్ణి సంప్రదించడం, రక్తసంబంధీకుల్లో ఈ క్యాన్సర్ ఉన్నవారు లక్షణాల కోసం ఎదురుచూడకుండా ముందుగానే పరీక్ష చేయించుకోవడం ఇక్కడ మరింత అవసరం.