నాణెములలో ముద్రాదోషములు



తాళపత్రమునందు లేఖకుని తప్పు వేరు, చెదపురుగు తినిన రంధ్రము వేరు. నాణెములయందును ఇట్టి భేదమే కలదు. ముద్ర పడునప్పుడు కలిగిన లోపము టంకశాలది. తరువాత కలిగినది చేతులు మారుటవలన వచ్చినది. ఈ రెండవదానిని మొదటిదని చెప్పి అధికధర అడుగువారు కలరు. కావున ఈ వివేకము మనకు అవసరము.

మొగలాయి చక్రవర్తుల రూపాయలు, మచిలీబందరున కొట్టిన రూపాయలు సుత్తిదెబ్బతో అచ్చుపడినవి. అచ్చు పెద్దది, బిళ్ల చిన్నది. అందుచే కొన్ని అక్షరములు అంచు వెలుపల పోవుట సహజము. వానిపై కానవచ్చు చిన్న గుర్తులు వెండిని పరీక్షించి సరాఫులు వేసినవి. ఇవి రెండును టంకశాల దోషములు కావు.

ఇక యంత్రముద్ర. ముద్ర పడిన నాణెము ఒక్కొక్కప్పుడు అచ్చునకు అంటుకొని నిలిచిపోవును. అప్పుడు తరువాతి బిళ్లపై దాని బొమ్మ గుంటగా, అద్దమునందువలె కుడియెడమలు మారి పడును. ఇది నిజమైన దోషము. వంచకుడు రెండు నాణెములను ఒకదానిపై నొకటి యుంచి గట్టిగా నొక్కి దీనిని అనుకరించును. అట్టిదానియందు గుంట క్రింద పూర్వపు బొమ్మ ఆనవాలు మిగులును. వెనుకవైపు బొమ్మ నలిగిపోవును.

1835 మొదలుకొని కుంపిణీ రూపాయి తూకము 180 గ్రెయినులు, అనగా ఒక తులము. వాడుకలో అరిగినది అంతటను అరుగును. ఆకురాయితో రాచినది ఒకచోటనే తరుగును, గీతలు మిగులును.

బడిలో పిల్లలకు చెప్పిన మాటనే మీకును మనవి చేయుచున్నాను. పాత నాణెమును చింతపండుతో తోమకుడు. తోమినచో సాక్ష్యము నశించును. ముందు త్రాసున తూచి, భూతద్దముతో చూచి, పిమ్మట ధర మాటాడుడు.