జొనాథన్ జాస్పర్ రైట్: బడి నుంచి న్యాయపీఠానికి

అమెరికాలో రాష్ట్ర సుప్రీంకోర్టు న్యాయమూర్తి అయిన తొలి నల్లజాతీయుడు జొనాథన్ జాస్పర్ రైట్ (1840–1885). పెన్సిల్వేనియాకు చెందిన ఆయన ఉపాధ్యాయుడిగా పనిచేస్తూ న్యాయశాస్త్రం అభ్యసించారు. అంతర్యుద్ధం ముగిసిన 1865లో, బానిసత్వం నుంచి విముక్తులైన వారికి చదువు నేర్పేందుకు దక్షిణ కరోలినా వెళ్లారు. మరుసటి ఏడాది పెన్సిల్వేనియా న్యాయవాదుల జాబితాలో చోటు పొందిన తొలి నల్లజాతీయుడిగా నిలిచారు.

1868లో దక్షిణ కరోలినా రాజ్యాంగ రచనా సభలో పాల్గొని, అదే ఏడాది రాష్ట్ర సెనేట్‌కు ఎన్నికయ్యారు. 1870లో రాష్ట్ర శాసనసభ ఆయనను సుప్రీంకోర్టు న్యాయమూర్తిగా ఎన్నుకుంది. అధికారం శ్వేతజాతి డెమోక్రాట్ల చేతికి వెళ్లాక, అభిశంసన ముప్పు ఎదురవడంతో 1877లో రాజీనామా చేశారు. అనంతరం చార్లెస్టన్‌లో న్యాయవాదిగా కొనసాగి, క్షయవ్యాధితో మరణించారు.

ఆ న్యాయస్థానంలో మరో నల్లజాతి న్యాయమూర్తి ఎర్నెస్ట్ ఫిన్నీ బాధ్యతలు చేపట్టింది 1985లో, అంటే రైట్ రాజీనామా చేసిన 108 ఏళ్లకు.