రక్తపింజర దొరగారూ, చిన్న సొరా

సొరచేప అనగానే కోరలు బయటపెట్టి పడవల వెంటపడే రాకాసి మన కళ్ళముందు మెదులుతుంది. అంతా సినిమాల చలవ! మా మాక్లూరుకి సముద్రం ఊసే లేదు. మాకు తెలిసిందల్లా కొర్రమీనూ, జెల్లా, బొమ్మిడాయీను. అయినా ఓ సొర సంగతి చెబుతాను, వినండి.

1780లలో పాట్రిక్ రస్సెల్ అనే డాక్టరు విశాఖపట్నంలో ఉండేవాడు. రక్తపింజరకి ఇంగ్లీషులో ఉన్నది ఈయన పేరే. పాములతో ఊరుకోక చేపల మీద పడ్డాడు. 1803లో లండన్‌లో 200 చేపల బొమ్మలతో పుస్తకం వేయించాడు. విశేషమేమంటే, ఆ చేపలకి మన పల్లెకారుల నోట విన్న తెలుగు పేర్లే రాసుకున్నాడు. 'పాలసొర' కూడా అందులో ఉంది. బాలింతకి పాలు పడతాయని కోస్తావాళ్ళు సొరకూర పెట్టడం మీరూ వినే ఉంటారు.

మన తీరంలోనే మరో చిన్న సొర ఉంది. 1838లో ముల్లర్, హెన్లె అనే జర్మను పండితులు దానికి 'కైలోసిలియం గ్రీసియం' అని నామకరణం చేశారు. గ్రీసియం అంటే బూడిదరంగుది. ఇంగ్లీషువాళ్ళకి వెదురు సొర. పొడవు రెండున్నర అడుగులు మించదు. సన్నని ఒళ్ళు, పొడవాటి తోక, ముక్కు దగ్గర జెల్లకున్నట్టే చిన్న మీసాలు. పిల్లప్పుడు ఒంటినిండా నల్లని పట్టీలుంటాయి, పెద్దయ్యాక చెరిగిపోతాయి.

ఈదడం ఆపితే సొర చచ్చిపోతుందంటారే, దీనికా బెంగ లేదు. కంటి దగ్గరున్న రంధ్రంతో నీళ్ళు లోపలికి లాక్కుని, సముద్రం అడుగున హాయిగా పడుకునే ఊపిరి తీస్తుంది. రాత్రయితే రొయ్యల్నీ పీతల్నీ వెతుక్కుంటుంది. తోలుసంచిలాంటి గుడ్లు పెట్టి వెళ్ళిపోతుంది. పిల్ల తనంతట తనే బయటికి రావాలి.

దీని చెల్లెలి వరస జాతిది ఒకటి 2002లో అమెరికాలోని డెట్రాయిట్ అక్వేరియంలో మగదిక్కే లేకుండా పిల్లల్ని కన్నది! పండితులే ముక్కున వేలేసుకున్నారు.

అంతటి గడసరికీ వలల బెడద తప్పడం లేదు. రొయ్యల కోసం సముద్రం అడుగంతా ఊడ్చే ట్రాలర్లు దీన్నీ ఊడ్చుకుపోతున్నాయి. గుడ్లేమో కొద్ది, పిల్ల ఎదగడం నిదానం. పోయినవాటి లోటు ఎప్పటికి పూడేను?

రస్సెల్ పుణ్యమా అని మన చేపల పేర్లు 200 ఏళ్ళకు పైగా పుస్తకంలో భద్రంగా ఉన్నాయి. పేరుంటే సరిపోతుందా, పిలవడానికి చేప ఉండొద్దూ?